రెండూ ఆడవేనని రాసిచ్చాను

డెబ్భైల మొదట్లో మాట. అరకులో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకి సైన్సు టీచరుగా వెళ్ళాను. ఉద్యోగం ఇంకా టెంపరరీయే, టెక్కు మాత్రం పర్మనెంటు. మా ఊళ్ళో బీయస్సీ చదివిన ఆడదాన్ని నేనొక్కదాన్నే మరి! పిల్లలు చూస్తారు కదా అని, విశాఖపట్నంలో నేను చదివిన కాలేజీ నుంచి రెండు గినీ పందుల్ని అడిగి తెచ్చుకున్నాను. పేరుకే పందులు. తోకలేని పెద్ద ఎలుకల్లా ఉంటాయి, గడ్డి తింటాయి, ఆకలేస్తే కీచుమంటాయి.

వార్డెనమ్మ గుమ్మంలోనే ఆపేసింది. ఆవిడ హాస్టల్లో మగవాసన పడదు. కన్నతండ్రులైనా గేటు బయటే నిలబడాలి. వంటమనిషి ముచ్చటపడి కోడిపుంజుని పెంచుకుంటే దాన్ని కూడా సంతకి తోలేసిన మనిషి.

"ఇవి ఆడా, మగా?" అంది.

రెంటినీ వెల్లకిలా తిప్పి చూశాను. రెంటికీ పొట్ట మీద రెండేసి చన్నులున్నాయి. ఇంకేం కావాలి! "రెండూ ఆడవే" అని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చేశాను.

వాటికి గడ్డి వేసే పని ఏడో తరగతి పిల్ల ఒకదానికి అప్పగించాను. అనంతగిరి అవతల కొండ మీద దాని ఊరు. మేకల మధ్యా పందుల మధ్యా పెరిగిన పిల్ల. రెండో రోజే ఒకదాన్ని చంకన పెట్టుకుని క్లాసులోకి వచ్చేసింది.

"టీచరమ్మా, ఇది పోతు. రెండోది పెంటి. సన్నులు సూత్తే తెల్దు. ఇదిగో, ఈ కింద ఏలుతో నొక్కితే మగది బయటకొత్తాది, సూడండి."

క్లాసంతా పగలబడి నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. "ఆడపిల్లవి, సిగ్గులేదూ? ఇంకోసారి అలాంటి మాట నోట్లోంచి వచ్చిందో, చూడు!" అని దాన్ని గంటసేపు ఎండలో నిలబెట్టాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా!

రెండు నెలలు దాటాక ఇటుకల పండగ వచ్చింది. ఆ పండగ రోజుల్లో కొండల మీద మగాళ్ళంతా వేటకి పోతారు. ఈ పిల్ల పండక్కని ఇంటికెళ్ళి, బుట్టెడు దుంపలతో తిరిగొచ్చింది. మర్నాడు పొద్దున్న చూద్దును కదా, గినీ పందుల పెట్టెలో నాలుగు పిల్లలు! ఒంటినిండా బొచ్చు. కళ్ళు తెరుచుకుని అటూ ఇటూ పరిగెడుతున్నాయి. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలు ఎర్రగా, గుడ్డిగా ఉండటమే చూశాం అందరమూ. గినీ పంది పిల్లలు ఇలాగే పుడతాయని నాకప్పుడు తెలీదు.

వార్డెనమ్మ వచ్చేలోగా తలుపు దగ్గరగా వేసి, పెద్దవాటిలో ఒకదాన్ని తిప్పి, ఆ పిల్ల చెప్పిన చోట వేలితో నొక్కాను. ఓరి దేవుడా! నిజంగానే మగది. దాన్ని గబగబా పెట్టెలో పెట్టేశాను.

వార్డెనమ్మ వస్తూనే మొదలుపెట్టింది. "రెండూ ఆడవని నువ్వే రాసిచ్చావు కదా! అయినా రాత్రి పుట్టినవి పొద్దున్నే పరిగెడతాయా? ఆ కొండ పిల్లే వేటలో దొరికినవి బుట్టలో తెచ్చి పడేసింది." హాస్టల్లోకి చెప్పకుండా జంతువుని తెచ్చిన పిల్ల పేరు కొట్టేసి ఇంటికి పంపడం ఆవిడ పద్ధతి. శుక్రవారం సంతకి తండ్రి వస్తే అతనితో పంపేస్తానంది.

"నాను తేనేదమ్మా! అది పోతని ముందే సెప్పినాను. టీచరమ్మనడగండి" అని ఆ పిల్ల నావైపు చూసింది.

"ఏం టీచర్, చెప్పిందా?"

"ఏమో, నాకు గుర్తులేదు" అన్నాను.

అన్నది నేనేనా! నా గొంతు విని నేనే అదిరిపడ్డాను. క్లాసంతా విన్న మాట అది. చుట్టూ మూగిన వాళ్ళలో ఒక్క పిల్లా నోరెత్తలేదు. దానిలా ఎండలో నిలబడాలని ఎవరికుంటుంది?

శుక్రవారం తండ్రి గేటు బయట నిలబడి నన్నే అడిగాడు. "మా గుంట ఏటి సేసింది, తల్లీ?" దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను. అతను కూతురి ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. అది వెనకాలే నడిచి వెళ్ళింది.

మూడు వారాలు అన్నం సయించలేదు. చివరికి ఉద్యోగం పోతే పోయిందని వార్డెనమ్మ దగ్గర అంతా కక్కేశాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఈ ఏడుపేదో ఆరోజే ఏడవొచ్చుగా. పో, వెళ్ళి తీసుకురా" అంది.

గినీ పంది పిల్లల్లో ఒకదాన్ని బుట్టలో పెట్టుకుని, అనంతగిరి దాకా బస్సులో, ఆపైన కొండెక్కి వెళ్ళాను. తప్పంతా నాదేనని తండ్రికి చెప్పాను. అతను కోప్పడలేదు. "అయితే రేపు తోలుకొత్తాను" అన్నాడు. ఆ పిల్ల మాత్రం గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడింది. ఎలాగైనా మాట్లాడించాలని బుట్టలోది తీసి దాని చేతుల్లో పెట్టాను.

"ఇది పోతా, పెంటా? నాకు తెలీదమ్మా, నువ్వే చెప్పాలి."

అలవాటుగా వెల్లకిలా తిప్పింది. బొటనవేలు సరిగ్గా ఆ చోటికే వెళ్ళి ఆగిపోయింది. ఒకసారి నా మొహంలోకి చూసి, తలొంచుకుని దాన్ని తిరిగి నా చేతుల్లో పెట్టేసింది.

"నాకూ తెల్దు, టీచరమ్మా" అంది.