మా అన్న బిడ్డ పెండ్లిల నా అకార్డియన్

మొన్న మా అన్న బిడ్డ పెండ్లిల నేను చేసిన పని వింటే మీరు నన్ను ఏ పెండ్లికీ పిలువరు. పిలిచినా అకార్డియన్ దగ్గరికి రానియ్యరు!

మా చర్చిల ఆడోళ్ల కూటానికి హార్మోనియం వాయించేది నేనే. చదివింది ఐదో తరగతి, పదిమందిల నోరు పెగలదు. పెట్టె ముంగట కూసుంటే మాత్రం జర ధైర్యం. పెండ్లిల గూడ నేనే వాయించాలె. పొద్దున చర్చికి పోయి చూస్తే ఏమున్నది, హార్మోనియం గాలితిత్తిని ఎలుకలు కొరికినయి!

కాజీపేట నుంచి జోసెఫ్ బాబాయి వచ్చిండు. రైల్వేల చేసి రిటైరైండు. "ఫికర్ చెయ్యకు బిడ్డా" అని తన అకార్డియన్, అదే భుజాలకు ఏసుకునే హార్మోనియం, తెచ్చి నాకు తగిలిచ్చిండు. "మెట్లు అవే, తిత్తి అదే. గుంజుడు, నెట్టుడు, అంతే." ఆయనే వాయించొచ్చు గదా? భుజం నొప్పట!

సన్న గొంతు మెట్టు ఒత్తి కొంచెం గుంజంగనే 'కీ' అన్నది. లావు గొంతు మెట్టు ఒత్తి అంతే గుంజితే 'హుస్స్'... ఉత్త గాలి. హార్మోనియంల అన్ని మెట్లు ఒక్కతీరుగ పలుకుతయి. దీనికేం రోగం?

"బాబాయ్, ఇది ఖరాబైందా?"

"కాలేదే. లోపల రీడ్లని రేకులుంటయి. చిన్న రేకు జర గాలి తగిలినా లేస్తది. పెద్ద రేకు బద్ధకపుది, దానికి గాలి ఎక్కువ కావాలె."

ఎక్కువ అన్నడు గదా! ఒక్క గుంజు గుంజిన. అది మొత్తానికే మూగబోయింది.

"అట్ల గుంజితే రేకు బిగుసుకుంటదే! మెల్లగ మొదలుపెట్టి బరువు పెంచాలె."

ఎక్కువ అంటడు, మెల్లగ అంటడు. నాకేం సమజ్ కాలే. అంతల పెండ్లిపిల్ల గుమ్మం కాడికి రానే వచ్చింది. మా దగ్గర పాట మొదలైతేనే పిల్ల లోపటికి అడుగు పెడ్తది. ఆ పాట మొదలయ్యేదేమో లావు గొంతుల!

అందరు నా దిక్కే చూస్తాండ్లు. సిగ్గుతోటి మెల్లగ గుంజిన. హుస్స్. పిల్ల కాలు ఎత్తి మల్ల దించింది. గట్టిగ గుంజిన. చప్పుడే లేదు. వేలు జారి సన్న మెట్టు మీద పడ్డది. 'కీఁ' అని విజిల్ ఏసినట్టు! పిల్ల ఉలిక్కిపడి, మా అన్న చెయ్యి పట్టుకొని గబగబ నడిచొచ్చింది. వెనక ముసుగు పట్టుకున్న పిల్లలు ఉరుకుడే ఉరుకుడు!

సరే, పిల్లయితే వచ్చింది. గండం గడిచిందనుకున్న. పెండ్లిపిలగాని దిక్కు నుంచొచ్చిన పాస్టర్ అయ్యగారు అడిగిండు: "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పాలి."

చర్చంత నిశ్శబ్దం. నా ఒళ్లె తిత్తి తెరుచుకునే ఉన్నది. చప్పుడు కావద్దని మెల్ల...గ బరువేసుకుంట మూసిన. ఒక వేలు లావు మెట్టు మీదనే ఉన్నదని చూసుకోలే.

"భోఁ....."

ఎంత నిండుగ పలికిందనుకున్నరు! అందరి తలకాయలు నా దిక్కు తిరిగినయి.

"ఏమ్మా, మీకేమైనా అభ్యంతరమా?"

లేదయ్యా అందామంటే నోట్లెకెల్లి మాట రాలే. మా అన్ననే "మా చెల్లె అయ్యగారూ, మీరు కానియ్యుండ్రి" అన్నడు. పెండ్లి అయింది.

అన్నాల కాడ తొర్రూరు నుంచొచ్చిన పెండ్లిపిలగాని తల్లి నా పక్కన కూసున్నది. చెవుల మెల్లగ అడిగింది: "మేనత్త గదా, పిల్లను మీ కొడుక్కు చేసుకుందామనుకున్నవా వదినా?"

నాకున్నది ఇద్దరు ఆడపిల్లలు. కాదందామని తల ఊపిన. ఎటు ఊపిన్నో ఏమో, "అయ్యో, బాధపడకు" అని ఆమె నా ప్లేట్ల ఇంకో మటన్ ముక్క వేసింది.

లేని కొడుకు పేరు మీద తిన్న.