వియ్యపురాలి చేతిలో టేపు

కాబోయే అల్లుడి పూర్వీకులది స్కాట్లాండ్. పెళ్లిలో వియ్యంకులిద్దరూ మోకాళ్ల దాకా ఉండే, గళ్ల లంగాలాంటి కిల్ట్ కట్టుకోవాలని అతని ముచ్చట. కొలతలకి వాళ్లమ్మే అమెరికాలో, నేపర్‌విల్‌లోని మా ఇంటికి టేపు పట్టుకొచ్చారు.

బొడ్డు దగ్గర టేపు చుట్టగానే మా ఆయన పొట్ట లోపలికి లాక్కున్నారు. "ఊపిరి వదలండి, పెళ్లి భోజనం చేయాలిగా!" అని ఇంగ్లీషులో అంటూ ఆవిడ నవ్వేశారు. పొడవు కొలవడానికి ఆయన కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నారు.

"అయ్యో, మగపెళ్లివారు మీరు! లేవండి" అని కంగారులో తెలుగులోనే అరుస్తూ టేపు లాగబోయాను.

"డోంట్ మూవ్!" అని నన్నే కసిరారు.

పెళ్లినాడు ఆవిడ పట్టుచీర కుచ్చిళ్లు సర్దడానికి నేను కింద కూర్చున్నాను. ఆవిడ మొహమాటంగా వెనక్కి జరగబోయారు.

"డోంట్ మూవ్!" అన్నాను.