కోమల చేసుకున్న ఎర్ర గిటార్

మక్తల్ బస్టాండు వెనక సందులో జాకెట్లు కుట్టే కోమలకు ఈ లోకంలో పడనివాడు ఒక్కడే. డానియల్. పరాయివాడు కాదు, చిన్నాయన కొడుకు, వరుసకు అన్న.

కోమల తండ్రి ఏసోబు మేస్త్రీ పని చేసేవాడు. ఆదివారం వచ్చిందంటే చర్చిలో పాటలు పాడించేవాడు. కొన్ని పాటలు ఆయనే కట్టాడు. పని మీద హైదరాబాదు పోయినప్పుడు తెచ్చుకున్న చెక్క గిటార్ మీద కూతురికి వేళ్లు పెట్టడం నేర్పాడు. కోమల పదో తరగతి దాటేసరికి చర్చి వేదిక మీద ఆయన పాడేవాడు, ఆమె వాయించేది. తెలంగాణ వచ్చిన రెండేళ్లకు ఏసోబు గుండెపోటుతో పోయాడు.

ఇంట్లో ఏడుపులు ఆగకముందే డానియల్ వచ్చి, "చర్చిల వాయించనీకె గావాలె" అని గోడకున్న గిటార్ తీసుకుపోయాడు. కోమల అప్పుడేమీ అనుకోలేదు. కొన్ని వారాలకు తేరుకుని చర్చికి పోతే, వేదిక మీద తను నిలబడే చోట డానియల్ నిలబడి ఉన్నాడు. ఆమె చేతికి కంజర ఇచ్చాడు.

"అది మా నాయినది అన్నా. నాకియ్యి. నేను వాయిస్త."

"ఆడపిల్లవు, మంది ముంగట గిటార్ ఏసుకొని నిలవడితె మంచిగుంటదా?"

"ఇన్నేండ్లు నిలవడలేదా? నా గిటార్ నాకియ్యి."

"నీదా? నీ పేరేమన్న రాసున్నదా దాని మీద?"

జనం నవ్వారు. డానియల్ భార్య అందరికంటే గట్టిగా నవ్వింది. పెద్దలు తలలు తిప్పుకున్నారు. కోమల కంజర బల్ల మీద పెట్టి, ఆడవాళ్ల వరుసలో చివర కూర్చుంది.

మరుసటి ఏడాది క్రిస్మస్‌కు డానియల్ నల్లగా మెరిసే ఎలక్ట్రిక్ గిటార్‌తో వచ్చాడు. నాయిన గిటార్ ఏదని కోమల అడిగితే, "గా పాత చెక్క ఎవలికి గావాలె? రాయచూరు దుకాణంల ఇచ్చి గిది తెచ్చిన" అన్నాడు. మర్నాడే ఆమె రాయచూరు పోయింది. దుకాణం వాళ్లు దాన్ని ఎప్పుడో ఎవరికో అమ్మేశారు. తిరిగొచ్చే బస్సులో కృష్ణ వంతెన దాటేదాకా ఏడ్చింది. వంతెన దాటాక ఏడుపు ఆగింది. పది మంది ముందు తనను నవ్వులపాలు చేసిన మనిషిని అదే పది మంది ముందు కిందికి దించాలి. మక్తల్‌లో బస్సు దిగేటప్పటికి ఆమె మనసులో ఇంకో ఆలోచన లేదు.

ఎలక్ట్రిక్ గిటార్‌ను విడి భాగాలుగా పెట్టెలో పంపుతారని, ఇంట్లోనే బిగించుకోవచ్చని ఫోన్‌లో చూసింది. తయారైనది కొంటే దాన్ని కూడా రేపు ఎవరో ఒకరు ఎవరిదని అడుగుతారు. తన చేత్తో చేసినదాన్ని అడిగే దమ్ము ఎవడికుంది? పెట్టె తెప్పించింది.

పెట్టె విప్పుతుంటే తల్లి మారెమ్మ వచ్చి చూసింది. రంగు లేని చెక్క ఒకటి, పొడుగాటి మెడ, తీగల చుట్టలు, మరమేకుల పొట్లాలు.

"ఎవలి కోసమే గిదంత?"

"డానియల్ అన్న కోసం."

అన్నాచెల్లెళ్లు కలిసిపోతున్నారని మారెమ్మ సంబరపడింది. కోమల ఆమెను ఆపలేదు.

మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు కుట్టు మిషన్ పక్కన పెట్టుకుని పనిచేసేది. ముందు గరుకు కాగితంతో చెక్కను రుద్దింది. రుద్దుతున్నంతసేపూ డానియల్ మాటే చెవిలో మోగేది. చెక్క నున్నగా అయ్యేకొద్దీ కోపానికి పదును వచ్చింది. మహబూబ్‌నగర్ నుంచి తెచ్చిన ముదురు ఎరుపు రంగును పాత లంగా గుడ్డతో అద్ది తుడిచింది. తడి ఆరాక చూస్తే నడుమ తెల్లటి మచ్చలు. చెక్కలు అతికించిన చోట బంక మిగిలి రంగును పీల్చనివ్వలేదు. ఆమెకు అవి నవ్వుతున్న పళ్లలా కనిపించాయి. మొత్తం గీకేసి, బంక పోయేదాకా రుద్ది, మళ్లీ అద్దింది. ఈసారి రంగు చెక్క లోపలికి దిగింది. గీతలు గీతలుగా, కోసిన మాంసం రంగు. దాని మీద వార్నీషు పట్టించింది.

వైర్లు అతికించడానికి పక్కనే మొబైల్ రిపేర్ చేసే పర్వతాలు అనే కుర్రాడి దగ్గరికి పోయింది. "ఇడువు అక్కా, నేను చేసిస్త" అన్నాడతను.

"వద్దు. నువ్వు సూపియ్యి, నేనే చేస్త."

వేళ్లు కాలాయి, నేర్చుకుంది. పని అయిపోయాక వైర్లు అతికించిన కడ్డీ కాలే మొనతోనే గిటార్ తల మీద తెలుగులో 'కోమల' అని కాల్చి రాసింది. తీగలు ఎక్కించాక మెడ వంకరగా ఉందని తెలిసి విప్పి మళ్లీ బిగించింది. ఆ తర్వాత ఏడాది పొడుగునా తలుపేసుకుని వాయించింది. తల్లిని కూడా చెప్పనివ్వలేదు, చర్చిలో ఎవరికీ తెలియదు.

కోత పండుగ దగ్గర పడింది. ఏసోబు కట్టిన కోత పాట వినక చాలా కాలమైందని పెద్దలు అడిగారు. ఆ పాట డానియల్‌కు సరిగ్గా రాదు. కోమల షాపుకు వచ్చాడు.

"చెల్లే, పెద్దనాయిన పాట ఏ శ్రుతిల వాయించాల్నో జర చెప్పవా?"

కోమల కుడుతున్న జాకెట్ దించి, అతని మొఖంలోకి చూసి, ఓపికగా చెప్పింది. వేళ్లు ఎక్కడెక్కడ పెట్టాలో కాగితం మీద గీసి ఇచ్చింది. పాట సరైనదే. శ్రుతి మాత్రం ఉండాల్సిన దానికంటే చాలా పైన.

పండుగనాడు చర్చి నిండా మంది. డానియల్ అంతకుముందు ఎవరితోనూ కలిసి పాడి చూసుకోలేదు, అది అతని గర్వం. పల్లవి ఎట్లాగో గడిచింది. చరణం పైకి ఎక్కగానే ఆడవాళ్ల గొంతులు కీచుమన్నాయి. మగవాళ్లు ఆగిపోయారు. పిల్లలు పకపకా నవ్వారు. డానియల్ మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అదే చోట పాట విరిగింది. చెమటలు కారాయి. పెద్దల్లో దుర్గయ్య లేచి, "ఏసోబు పాటను గిట్ల ఖరాబు చేస్తవేందిరా!" అన్నాడు.

అప్పుడు కోమల లేచింది. తాను కుట్టుకున్న గుడ్డ సంచిలోంచి ఎర్ర గిటార్ తీసి మెడకు వేసుకుని వేదిక ఎక్కింది.

"వైరు ఇటియ్యి అన్నా."

చేసేది లేక డానియల్ తన గిటార్‌కున్న వైరు పీకి ఆమె చేతికిచ్చాడు. అతని చూపు గిటార్ తల మీది అక్షరాల మీద పడింది. కోమల తండ్రి శ్రుతిలో మొదలుపెట్టింది. చర్చి మొత్తం పాడింది. డానియల్ మెట్లు దిగి, చెప్పులు వెతుక్కుని బయటికి పోయేదాకా ఆమె కళ్లు అతని వీపు మీదనే ఉన్నాయి. అంత తీపి ఆమె బతుకులో ఎన్నడూ ఎరగదు.

మర్నాడు అతను షాపు ముందు నిలబడ్డాడు. "కావాల్ననే తప్పు జెప్పినవ్ గదా?"

"అవ్."

"సొంత అన్నకు గిట్ల జేస్తవా?"

"మా నాయిన గిటార్ అమ్మిననాడే నువ్వు నాకు అన్నవు కాకుంట పోయినవ్" అని ఆమె మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. అతను ఆ తర్వాత నారాయణపేటలో ఇంకో చర్చికి పోవడం మొదలుపెట్టాడు.

సంగతంతా తెలిశాక మారెమ్మ కూతురిని తిట్టలేదు. అన్నం పెడుతూ, "పగ దీర్చుకుంటె దీర్చుకున్నవ్. మీ నాయిన పాటనే దొరికిందా బిడ్డా నీకు?" అని మాత్రం అంది. కోమల చెయ్యి కంచంలో ఆగింది. తర్వాత తినేసి లేచింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం కోమలే వాయిస్తుంది. పెద్దలు అడిగితే కోత పాట కూడా వాయిస్తుంది. అన్ని పాటలకూ గొంతు కలిపే మారెమ్మ ఆ ఒక్క పాటకు పెదవి కదపదు. కోమలకు వేదిక మీంచి అది కనిపిస్తూనే ఉంటుంది. అయినా చివరి చరణం దాకా వాయిస్తుంది.