చివరిసారి కారెక్కిన కుటుంబం

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ సెడాన్ చూడడానికి బ్రూక్‌ఫీల్డ్ వెళ్తూ, కాటన్‌పేటలో నాకు తెలిసిన ముసలి మెకానిక్‌ను వెంటబెట్టుకెళ్ళాను. ఆయన ఇంజన్ చప్పుడు విన్నాడు, పొగ చూశాడు, కారు కింద దూరి ఆయిల్ మరకలు వెతికాడు. “అన్నీ బాగుండాయప్పా,” అన్నాడు.

టెస్ట్ డ్రైవ్‌కు బయల్దేరబోతుంటే ఓనర్ నా పక్కన ఎక్కాడు; ఆయన భార్య, ఇద్దరు పిల్లలు చివరిసారి ఎక్కుతామంటూ వెనక సీట్లో కూర్చున్నారు. చోటు లేక మెకానిక్ అక్కడే ఉండిపోయాడు. రోడ్డు మీద మొదటి హంప్, అదే స్పీడ్ బ్రేకర్, రాగానే ఎవరూ చెప్పకుండానే ఆ ముగ్గురూ దిగి, నడిచి, హంప్ దాటాక మళ్ళీ ఎక్కారు. రెండో హంప్ దగ్గరా అంతే. ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధో అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

కొన్నాక మొదటి ఆదివారం ఇంటిల్లిపాదీ ఎక్కాం. మా వీధి హంప్ మీద కారు పొట్ట కర్రుమని గీసుకుపోయింది. మెకానిక్‌కు ఫోన్ చేస్తే, “నన్ను ఎక్కించుకోని పోయింటే అప్పుడే చెప్పేవాణ్ణి గదప్పా,” అన్నాడు.

ఇప్పుడు హంప్ కనబడితే చాలు, మా అత్తగారు చెప్పులు వెతుక్కుంటారు.

రేపు కారు చూడడానికి ఒకాయన వస్తున్నాడు. చివరిసారి ఎక్కుతానని అత్తగారు పట్టుబట్టారు. కాళ్ళు పట్టుకునైనా ఆవిణ్ణి ఇంట్లోనే ఉంచాలి.