పంపిన నిమిషానికే తెరిచేవాళ్లు

కోచ్‌కోర్ అనే మా కొండ ఊరి పోస్టాఫీసు కౌంటర్లో ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్నాను. ఎవరికి ఏమొస్తుందో, ఎవరికి ఏమీ రాదో నాకు తెలిసినంతగా ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. బురుల్చాక్కకి ఏమీ వచ్చేది కాదు.

మా వీధిలోనే, నాలుగిళ్ల అవతల ఉండేది. గొర్రె ఉన్ని మీద వేడినీళ్లు పోసి, చాపలో చుట్టి, గట్టిపడేదాకా తొక్కి, దాంతో ఇంట్లో వేసుకునే చెప్పులు కుట్టేది. భర్త ఇసాబెక్ లారీ నడిపేవాడు. ఒక మార్చి నెలలో కనుమ దారిన మంచుచరియ కింద పడి చనిపోయాడు. పిల్లల్లేరు. ఆయనున్నప్పుడు ఇద్దరూ కలిసి పెద్ద తివాచీలు చేసేవాళ్లు. తివాచీ చుట్టను ఒక్క మనిషే తొక్కడం కుదరదు. ఆయన పోయాక చెప్పులే మిగిలాయి.

వేసవిలో సరస్సు చూడ్డానికి పోయే విదేశీయులు ఆగి కొనేవాళ్లు. సెప్టెంబరు దాటాక వీధిలో కొత్త మొహం కనపడదు. అలాంటి ఒక శరత్కాలంలో నారిన్ పట్నంలో చిన్న వ్యాపారులకి మూడ్రోజుల శిక్షణ పెట్టారు. రాజధాని బిష్కెక్ నుంచి కనిషాయ్ అనే అమ్మాయి వచ్చి పాఠం చెప్పింది. కొన్నవాళ్ల ఈమెయిల్ అడిగి రాసుకోండి, పదిహేను రోజులకోసారి ఉత్తరం పంపండి, పేరు పెట్టి పలకరించండి, ఎవరు ఎప్పుడు తెరిచారో కంప్యూటర్లో కనపడుతుంది, తెరిచేవాళ్లని వదులుకోకండి, అంది.

"పదిహేను రోజులకోసారా? మా ఆయన బతికుండగా నెలకోసారి కూడా నా మాట వినలేదు తల్లీ," అందట బురుల్చాక్క. గదంతా నవ్వులు.

నవ్వించింది గానీ ఆ మాట గట్టిగా పట్టుకుంది. గుమ్మం పక్కన బల్ల మీద నోటుపుస్తకం పెట్టింది. రెండు వేసవులు గడిచేసరికి మూడు వందల పద్దెనిమిది చిరునామాలయ్యాయి. ఉత్తరం మా కిర్గిజ్ భాషలో రాసి, ఫోన్‌తో ఇంగ్లీషు చేయించి, మా ఆఫీసు కంప్యూటర్లో కూర్చుని పంపేది. పంపేముందు నాకు చదివి వినిపించేది. మొదట్లో అన్నీ చెప్పుల సంగతులే. రంగులు, కొలతలు, కొత్త సంవత్సరానికి తగ్గింపు ధర. ఎవరూ పలికేవాళ్లు కాదు.

ప్రతిసారీ తెరిచేది మాత్రం ఒక్కరే. వెరెనా అని స్విట్జర్లాండ్ మనిషి. ఒక ఆగస్టులో వానలో తడిసి వస్తే అక్క ఆమె మేజోళ్లు పొయ్యి మీద ఆరబెట్టి, కైమాక్ మీగడా రొట్టే పెట్టింది. వెళ్తూ ఆమె తన ఆఫీసు కార్డు ఇచ్చింది.

"చూడు చూడు, పంపి నిమిషం కాలేదు, అప్పుడే తెరిచేసింది," అని అక్క తెర మీద వేలు పెట్టి చూపించేది. "ప్రతిసారీ ఇంతే. నా ఉత్తరం కోసమే కూర్చుంటుందేమో పాపం."

"జవాబు రాయదేం మరి?"

"రాయాలా ఏం? వింటోంది, చాలదూ?"

అప్పట్నుంచి ఉత్తరాల తీరు మారిపోయింది. తొలి మంచు పడిందనీ, మరిది గుర్రం ఈనిందనీ, ఇసాబెక్ కోటు ఇంకా కొక్కేనికే వేలాడుతోందనీ రాసేది. మూడు వందల పద్దెనిమిది మందికి పోయినా అవి రాసింది ఒక్కరికే. మూడో శీతాకాలం ఒక జత చెప్పులు కుట్టింది. పొట్టేలు కొమ్ముల ముగ్గు, లోపల మెత్తటి తెల్ల ఉన్ని. కొలత అడగలేదు, ఆరబెట్టిన మేజోళ్లు గుర్తున్నాయిగా. కార్డు మీది చిరునామాకి పార్సిలు నేనే ముద్ర కొట్టి పంపాను.

ఏప్రిల్లో అది తిరిగొచ్చింది. ఈ పేరుగలవారు ఇక్కడ లేరు, అని చీటీ. రెండ్రోజులు దాన్ని బల్ల కింద పెట్టుకున్నాను. మూడోరోజు అక్కే వచ్చి నా మొహం చూసి, "ఏంటే ఐజిరెక్, ఏదో దాస్తున్నావ్," అంది. తీసి చేతిలో పెట్టాను.

"లేకపోతే తెరుస్తున్నదెవరు?" అంది. అక్కడికక్కడే కనిషాయ్‌కి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి స్పీకర్లో చెప్పింది నాకూ వినపడింది. "అక్కా, కొన్ని ఆఫీసుల్లో వచ్చిన మెయిల్ని ముందు ఒక మిషను తెరిచి చూస్తుంది, వైరస్ ఉందేమోనని. ఆవిడ ఉద్యోగం మానేసినా ఆవిడ మెయిల్ పెట్టె తీసేసి ఉండరు. నిమిషంలో తెరుచుకుందంటే అది మనిషి కాదక్కా. ఈ సంగతి నేను ఆరోజే చెప్పుండాల్సింది."

అక్క ఫోన్ పెట్టేసి పార్సిలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "రెండేళ్లు మిషనుకి కబుర్లు చెప్పానన్నమాట," అంది. పార్సిలు మీది చీటీని గోటితో గీకుతూ, "అదైనా విసుక్కోలేదు," అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

రెండు నెలలు ఉత్తరం రాయలేదు. ఉత్తరాలేవీ రావడం లేదేమని ఎవరూ అడగలేదు. ఆవిడని ఎక్కువ బాధపెట్టింది పార్సిలు కాదు, అదేననుకుంటాను.

జూన్‌లో కనిషాయ్ తానే ఊరికి వచ్చింది. చదవనివాళ్లని జాబితాలో మోయడం దండగ, ఆఖరిసారి అడిగి చూడమంది. అక్క ఒకే లైను రాసింది: 'నా ఉత్తరాలు మీకు కావాలా? కావాలంటే అవునని ఒక్క మాట రాయండి.' నెల రోజులు ఆగింది. పంతొమ్మిది జవాబులొచ్చాయి. మిగతా పేర్లు ఒక్కొక్కటే పైకి చదివి కొట్టేసింది. మధ్యాహ్నమంతా పట్టింది. వెరెనా పేరు కూడా మిగతావాటితో పాటే, అదే గొంతుతో చదివింది.

ఆ పంతొమ్మిదిలో ఒకటి సరిహద్దు అవతల అల్మాతీ నగరంలో చిన్న దుకాణం. యజమానురాలు శీతాకాలానికి అరవై జతలు అడిగింది, మరుసటేడు నూట ఇరవై. అక్క ఇద్దరు ఆడవాళ్లని పనిలో పెట్టుకుంది. జాబితా మళ్లీ పెరిగింది, ఇప్పుడు డెబ్బై దాకా ఉంది. అందరూ అడిగి చేరినవాళ్లే. ఉత్తరంలో నాలుగు లైన్లు: ఏ రంగు తయారుగా ఉంది, ఏ కొలత అయిపోయింది, ఎన్ని రోజుల్లో చేరుతుంది. కొంటున్నారు కూడా.

మొన్నొకరోజు పార్సిళ్లు తూచి రసీదులిస్తూ అన్నాను. "మంచు సంగతి, గుర్రం సంగతి ఈమధ్య రాయడం లేదేం అక్కా? అవి బాగుండేవి."

"నీకెలా తెలుసు?"

"నాకు చదివి వినిపించేదానివిగా."

నిజంగానే గుర్తులేనట్టు నాకేసి చూసింది. "నీకు చదివింది తప్పులుంటే చెప్తావని కదే," అంది. రసీదులు మడిచి సంచిలో పెట్టుకుంది. పనివాళ్లు నాలుగింటికే ఇళ్లకి పోతారు, ఈలోగా ఉన్ని నానబెట్టాలంటూ బయల్దేరింది. తలుపు తీస్తే చలిగాలి లోపలికి కొట్టింది. లేచి తలుపు వేసి, మిగిలిన పార్సిళ్ల మీద ముద్రలు కొట్టుకున్నాను.