నాయన కేసులో ఆకాశరామన్న

నాకు టీచరు ఉద్యోగం వచ్చిన ఏడాదే నా మీద పోలీసులకు అనుమానం పడింది. మా నాయన హత్య గురించి ఠాణాకు ఏళ్ళ తరబడి వస్తున్న ఆకాశరామన్న ఉత్తరాలు రాస్తున్నది నేనేనని. అది నిజమని తేలితే ఇన్‌స్పెక్టరు పైకి రిపోర్టు పంపుతాడు, నా ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. నాయన పోయాక ఉన్న కాస్త మడీ కౌలుకిచ్చేశాం. ఆ ఉద్యోగం పోతే నేనూ మా అమ్మా వేరేవాళ్ళ పొలంలో నాట్లకు పోవాల్సిందే.

ఇందులో నేనెవరి పేరూ రాయను. ఆ మనుషుల మనుమలూ మునిమనుమలూ ఇప్పటికీ అదే ఊళ్ళో ఉన్నారు, మోక ఊరికి పోయే బస్సులో ఎదురుపడితే నాకు లేచి సీటిస్తారు. వాళ్ళతో నాకేం తగాదా?

నాయన పోయింది కాలువ నీళ్ళు వచ్చిన కొత్తలో. అంతకుముందు మా బళ్ళారి వైపంతా జొన్న, పత్తి. నీళ్ళొచ్చాక వరి వచ్చింది, వరి వెనకాలే కొట్లాటలూ వచ్చాయి. మాకు ఎగువన ఒక పెద్ద రైతు మడి ఉండేది. ఆయన తూము మూసి నీళ్ళన్నీ తనకే మళ్ళించుకునేవాడు, నాయన పోయి తెరిచి వచ్చేవాడు. ఇద్దరికీ నోళ్ళు పెద్దవి. ఒకరోజు తెల్లారేసరికి నాయన తూముకాడ నీళ్ళల్లో బోర్లా పడి ఉన్నాడు. తలకు వెనకవైపు దెబ్బ. కప్పుకుని పోయిన కంబళి లేదు. పోలీసులు వచ్చారు, పంచనామా రాసుకున్నారు, పోయారు. ఎవరు చంపారో తేలలేదు. ఈ రోజుకీ తేలలేదు. చివర్లో నేనేదో తేలుస్తానని ఆశపెట్టుకోకండి, ముందే చెప్పేస్తున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఉత్తరాలు మొదలయ్యాయి. కేసు మూలపడిందని ఊళ్ళో అనుకునే సమయానికి ఠాణాకు ఒక కార్డు వచ్చేది. ఎగువ రైతునే అడగండి, కంబళి ఏమయిందో అడగండి అని. ఇన్‌స్పెక్టర్లు మారారు గానీ కార్డులు ఆగలేదు. చివరికి ఆ రైతుకు ఒళ్ళు మండింది. పెద్దవాళ్ళను పట్టుకుని, నా పరువు తీస్తున్న ఈ రాతగాడెవరో తేల్చండి, తేల్చి ఆ పాత కేసు మూసేయండి అని బళ్ళారిలో అర్జీ పెట్టాడు. అప్పుడే కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరుకు, చనిపోయినాయన ఇంట్లో రాయనేర్చింది కూతురొక్కతే, తల్లి వేలిముద్ర మనిషి అని ఎవరో చెప్పారు. ఇంకేం కావాలి? దొరికింది దొంగ!

నన్ను ఠాణాకు పిలిపించారు. ఏదో వేరే కేసులో సాక్ష్యం చెప్పడానికి మద్రాసు నుంచి బళ్ళారి కోర్టుకు ఒక చేతిరాత నిపుణుడు వచ్చాడు, పనిలో పనిగా ఆయన్ను కూడా ఇన్‌స్పెక్టరు పట్టుకొచ్చాడు. నెరిసిన జుట్టు, భూతద్దం, తోలుపెట్టె. నేను చూసిన మగవాళ్ళలో అంత తక్కువ మాట్లాడే మనిషి ఇంకొకడు లేడు.

"ఈడ కూర్చో టీచరమ్మా. నేను చెప్తాపోతా, నువ్వు రాస్తాపో. తప్పు చేయనోళ్ళకి భయమేంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"భయం నాకెందుకు సార్? మా నాయన్ని సంపినోనికి ఉండల్ల గానీ!"

పక్కనే నిలబడ్డ దఫేదారు, అంటే హెడ్డు కానిస్టేబులు, నా వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. నాకు మొదటినుంచీ నోరు ఎక్కువే. నాయన పోలిక.

ఉత్తరాల్లో ఉన్న మాటలే ఇన్‌స్పెక్టరు చదివాడు, నేను రాశాను. ఒకసారి రాస్తే చాలదట. కూర్చుని రాయాలి, నిలబడి రాయాలి, కలంతో, పెన్సిలుతో, ఎడమచేత్తో కూడా రాయాలి. మనిషి ఒకటి రెండుసార్లు చెయ్యి మార్చి రాయగలడుగానీ రాసేకొద్దీ అసలు రాత బయటపడుతుందని నిపుణుడు చెప్పాడు. రాసీ రాసీ నా వేళ్ళు కొంకర్లు పోయాయి. బళ్ళో పిల్లలకు తప్పు చేస్తే పదిసార్లు రాయమని శిక్ష వేసేదాన్ని. ఆ ఉసురే తగిలిందనుకున్నాను.

మధ్యాహ్నం దాటాక నిపుణుడు కార్డులన్నీ కిటికీ దగ్గరకు తీసుకుపోయి, వచ్చిన వరసలో పేర్చాడు. ఒక్కొక్కటీ ఎండకు ఏటవాలుగా పట్టి వెనకా ముందూ చూశాడు. నా కాగితాలు పక్కన పెట్టుకుని చాలాసేపు భూతద్దంలోంచి తల ఎత్తలేదు.

"ఈ అమ్మాయి రాసినవి కావు," అన్నాడు.

"చెయ్యి మార్చి రాసిందేమో సార్?" ఇన్‌స్పెక్టరు వదల్లేదు.

"దొంగరాతలో తడబాటు ఉంటుంది. మొదటి పంక్తిలో జాగ్రత్త ఉంటుంది, చివరి పంక్తికి అది జారిపోతుంది. ఇందులో ఎక్కడా జారలేదు. ఇంకో సంగతి చూడండి. మొదటి కార్డులో ఒక్కో అక్షరంలోనే రెండు మూడుసార్లు కలం ఎత్తి మళ్ళీ పెట్టారు, వెనకవైపు తడిమితే వేలికి తగిలేంతగా నొక్కారు. చివరి కార్డుకు వచ్చేసరికి చెయ్యి తేలికపడింది. ఈ ఉత్తరాలు రాస్తూ రాస్తూనే రాయడం నేర్చుకున్న మనిషి చెయ్యి ఇది."

"అయితే బడిపిల్లోడా?"

"కాదు. పెద్దవాళ్ళ చెయ్యి. మంచి బలమున్న చెయ్యి."

ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు. ఆయన మంచివాడే, పైనుంచి తరుముతున్నారు పాపం. "నువ్వు కాదంటే నువ్వు చెప్పి రాయించినోళ్ళు ఎవురో ఉంటారు. ఎగువ మడి ఆయప్ప బళ్ళారిలో నా పీకమీద కూర్చున్నాడమ్మా. రేపు పొద్దున లోపల ఎవురో చెప్తే సరి. లేకుంటే రిపోర్టులో నీ పేరే రాస్తా. ఇంకొక్కసారి, ఆ పెద్ద కార్డు ఇంకొక్కసారి రాసి ఇంటికి పో."

కోపం నషాళానికి అంటింది. అయినా కలం పట్టాను. ఆ కార్డు అప్పటికే నోటికొచ్చేసింది, ఆయన చదవకముందే నా చెయ్యి పోతోంది. ఎగువ రైతు పేరు, అతని తండ్రి పేరు, అతని జీతగాడి పేరు, కాలువ చూసే లస్కరు పేరు, ఆఖరికి పంచనామాకు వచ్చిన పోలీసు పేరు. అందరి పేర్లూ ఉన్నాయి. చచ్చిపోయిన మనిషి పేరు లేదు. "తూముకాడ పోయినాయన" అని ఉంది. ఇంకోచోట "ఆ ఇంటాయన" అని ఉంది. ఒకచోట "ఆ పాప వాళ్ళ నాయన" అని ఉంది. అన్నేళ్ళ కార్డుల్లో, ఎవరి చావు గురించి రాస్తున్నారో ఆయన పేరు ఒక్కసారి కూడా లేదు.

నా కలం ఆగిపోయింది. రేషను కార్డు రాయించుకునే రోజు కళ్ళ ముందుకొచ్చింది. మొగుడి పేరేమని గుమాస్తా అడిగితే మా అమ్మ నన్ను ముందుకు తోసి, "నువ్వు చెప్పు పాపా" అంది. గుళ్ళో అర్చనకూ అంతే. మొగుడి పేరు పెళ్ళాం నోటితో పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా వైపు నమ్మకం. నాయన పోయాక కూడా అమ్మ ఆ పేరు పలకగా నేను వినలేదు. ఇంకా తగ్గడానికి ఏముందని?

"ఏమాయె? రాయి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చెయ్యి నొప్పి సార్," అని మిగతా రెండు పంక్తులూ గబగబా రాసేసి ఇంటికి వచ్చేశాను.

అమ్మ వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెప్పులు కూడా విడవకుండా అడిగేశాను.

"కార్డులు నువ్వేనా రాసింది?"

అమ్మ తల ఎత్తలేదు. "వాళ్ళకి తెలిసిందా?"

"లేదు. నాకు తెలిసింది. నాయన పేరు రాయలేదు నువ్వు."

చేటలో ఆమె చెయ్యి ఆగింది. "యాడ రాసేది ఆ పేరు," అంది మెల్లగా.

నాకు ఏడుపొచ్చింది, దాని వెనకాలే కోపమొచ్చింది. ఎప్పుడు నేర్చుకున్నావు, ఎందుకు దాచావు, చూసింది చూసినట్టు పోలీసులకు నోటితో చెప్పొచ్చు కదా అని అరిచాను. పక్కింటివాళ్ళు వింటారన్న ధ్యాస కూడా లేదు.

"చెప్పినా పాపా," అంది. "పంచనామా నాడే చెప్పినా. పొద్దు గూకేటప్పుడు ఎగువ మడి ఆయప్ప మన వాకిట్లోకి వచ్చి మీ నాయన్ని పిలుచుకొని పోయినాడు, నా కండ్లతో చూసినా అని చెప్పినా. ఆ పోలీసాయప్ప కన్నడంలో ఏందో రాసుకున్నాడు. వేలు ఒత్తమన్నాడు, ఒత్తినా. ఆనక ఊరి లెక్కలు రాసే శానుభోగుడు చదివి చెప్తే తెలిసె. నాకేమీ తెలీదు, ఎవుర్నీ చూడలేదు అని నేను చెప్పినట్ల రాసిండాది దాంట్లో. దాని కింద నా వేలు!"

అప్పుడు నిశ్చయించుకుందట, తన మాట తనే రాసుకోవాలని. ఎవరినీ అడగలేదు. అడిగితే ఎగువ రైతు చెవిన పడుతుంది, చిన్నపిల్లతో ఒంటరిగా ఉన్న ఇల్లు. నేను సాయంత్రాలు పాఠం చదివేటప్పుడు, "వేలు పెట్టి చదువు, యాడ చదువుతాండావో నాకు కనపడల్ల" అని కూర్చునేది. నేను పాఠం ఎగ్గొడతానని కాపలా కాస్తోందనుకునేదాన్ని. నా వేలి వెంట ఆమె చూపు అక్షరం అక్షరం నడిచింది. నేను బడికి పోయాక బూడిదలో దిద్దుకుంది. సంతకు పోయినప్పుడల్లా ఒక్కో ఊరి డబ్బాలో కార్డు వేసి వచ్చింది. నోట్లో నువ్వుగింజ నానని ఊళ్ళో, అన్నేళ్ళు ఈ సంగతి తన కడుపులోనే పెట్టుకుంది.

"ఇంక రాయొద్దు," అన్నాను. "ఆ మద్రాసు ఆయన నాది కాదని చెప్పేశాడు. ఇన్‌స్పెక్టరు ఎంత ఎగిరినా రుజువు లేదు. నువ్వు నోరు మూసుకుని ఉంటే చాలు."

"ఉద్యోగం పోతే?"

"పోతే పోతుంది. నువ్వు జైలుకు పోవడంకంటేనా?"

అమ్మ చేట పక్కన పెట్టి లేచింది. "నోరు మూసుకొనేదానికైతే అక్షరాలు నేర్చుకునేదెందుకు?" అంది. ఇంక ఎంత మొత్తుకున్నా చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే అయింది.

మర్నాడు పొద్దున్నే తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని నాకంటే ముందు నడిచింది. ఠాణాలో నిపుణుడు పెట్టె సర్దుకుంటున్నాడు. ఇన్‌స్పెక్టరు నన్ను చూసి, "చెప్తావా?" అన్నాడు. అమ్మ నన్ను పక్కకు జరిపింది.

"అది ఏం చెప్తుంది సామీ? రాసింది నేను. ఒక కాగితం ఇప్పించండి."

దఫేదారు పకపకా నవ్వాడు. "నీకు రాసేది వస్తుందా అమ్మా?"

"ఇచ్చి చూడప్పా."

నేలమీద కూర్చుని, పలక ఒళ్ళో పెట్టుకున్న పిల్లలాగా అట్ట ఒకటి ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టింది. గబగబా ఏం రాయలేదు. అయినా ఎక్కడా ఆగలేదు. ఫలానా రైతు మా వాకిట్లోకి వచ్చాడని, పిలుచుకుని పోయాడని, నేను చూశానని రాసింది. చనిపోయిన మనిషి ఎవరో రాయాల్సిన చోటికి వచ్చి ఆగింది. కార్డయితే ఎట్లాగో గడిచింది, ఇది అర్జీ. కలం కాగితానికి ఆనించింది. ఎత్తింది. మళ్ళీ ఆనించింది. చివరికి కలం నా చేతికిచ్చింది.

"ఆ ఒక్కటి నువ్వు రాయి పాపా."

మా నాయన పేరు నేను రాశాను. మిగతాది తనే పూర్తిచేసి, కింద తన పేరు పెట్టింది.

నిపుణుడు ఆ కాగితాన్ని కార్డుల పక్కన పెట్టి చూశాడు. "ఇదే చెయ్యి," అన్నాడు, అంతే.

"పోలీసులకి దొంగ ఉత్తరాలు రాస్తే ఏమైతుందో తెలుసా నీకు?" ఇన్‌స్పెక్టరు గొంతు పెంచాడు.

"దొంగ ఉత్తరం ఎట్లైతుంది సామీ? ఒక్క మాట అబద్ధముంటే చూపించండి. పేరు పెట్టలేదు, అదే గదా తప్పు. ఇప్పుడు పెట్టినా."

"ఇన్నేండ్లు నోటితో ఎందుకు చెప్పలేదు మరి?"

"చెప్పినా. మీవాళ్ళు రాసుకోలేదు."

ఇన్‌స్పెక్టరు పాత ఫైలు తెప్పించాడు. కన్నడంలో ఉన్న ఆ వాంగ్మూలం పెదవులు కదుపుతూ చదివాడు. కింద ఉన్న వేలిముద్ర చూశాడు, నేలమీద కూర్చున్న మనిషిని చూశాడు. తర్వాత ఆయన గొంతు తగ్గింది. అమ్మ రాసిన కాగితాన్ని తన చేత్తోనే ఫైల్లో కట్టి, దానిమీద ముద్ర వేశాడు. నామీద రిపోర్టు పంపలేదు, అమ్మమీద కేసూ పెట్టలేదు.

ఎగువ రైతును పిలిపించి పొద్దంతా ప్రశ్నలడిగారు. పిలిచిన మాట నిజమే, తూముదాకా పోయి నేను వెనక్కి వచ్చేశాను, ఆనక ఏమయిందో నాకు తెలియదు అన్నాడు. పిలవనే లేదని అన్నాళ్ళూ ఊరంతా నమ్మబలికిన మనిషి! అయినా అది చాలదన్నారు. కంబళి దొరకలేదు, తలమీద కొట్టిన కర్ర దొరకలేదు, లస్కరు ఎప్పుడో చనిపోయాడు. కొన్నాళ్ళకు సాక్ష్యం చాలదని కేసు మూసేశారు.

ఆ మాట బళ్ళో ఉండగా దఫేదారు వచ్చి నా చెవిన వేశాడు. పిల్లల్ని వదిలేసి ఇంటికి పరిగెత్తుకొచ్చాను. వాకిట్లో నిలబడి పోలీసులనూ, ఆ రైతునూ, ఆ దేవుణ్ణీ కూడా నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంత చేసీ ఏం లాభమయిందమ్మా, మూసేశారంట అని ఏడ్చాను.

అమ్మ కొంగుతో నా మొహం తుడిచింది.

"మూసుకోనీ పాపా," అంది. "లోపల నా మాట పెట్టే గదా మూసినారు."