ఇనుమున్న కాలు

మా ఆపరేషన్ థియేటర్లో నన్ను చాటుగా 'ఇంకోసారి మేడమ్' అంటారు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో నాకు తెలుసు. ఎక్స్‌రే మిషన్ నడిపే టెక్నీషియన్. విరిగిన తుంటిలోకి గైడ్ వైరు అనే సన్నటి తీగను దించేటప్పుడు, ఆ మిషన్‌ను ఎదురుగా పెట్టించి ఒక బొమ్మ, పక్కకు తిప్పించి ఒక బొమ్మ చూస్తాను. తీగ నాకు నచ్చిన చోట లేకపోతే బయటికి లాగేసి "ఇంకోసారి" అంటాను. ఆయన కిరణాలు తగలకుండా వేసుకున్న సీసపు కోటు సర్దుకుని, ఎవరికీ వినపడదనుకుని ఏదో గొణిగి, మళ్లీ తిప్పుతాడు. పేరు పడ్డందుకు నాకేం బాధ లేదు. ఇంతకన్నా చెడ్డపేర్లు మోస్తున్న డాక్టర్లు నాకు తెలుసు.

మాది తల్లాడ వైపు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం. నేను ఎముకల డాక్టర్ని అవుతానన్నప్పుడు ఇంట్లో అందరూ ఒకటే మాట: ఆడపిల్ల సుత్తి ఎత్తుతుందా అని. తీరా చూస్తే ముసలి ఎముకల దగ్గర సుత్తితో పనే తక్కువ. ఇప్పుడు భద్రాచలం దగ్గర అడవి అంచున ఒక చిన్న దవాఖానాలో పనిచేస్తున్నాను. కరెంటు పోతే విసుక్కుంటాను, నర్సులమీద అరుస్తాను, సాయంత్రానికి వాళ్లు పెట్టిన టీ తాగుతూ మర్చిపోతాను. మొత్తానికి ఈ బతుకు నాకు నచ్చింది.

అడవి పల్లెలోని ఒక అవ్వ మా దగ్గరికి వచ్చింది ఇప్పపూలు రాలే రోజుల్లో. తెల్లారకముందే పూలు ఏరడానికి పోయి, ఎండుటాకుల కింద కనపడని వేరు తట్టుకుని పడింది. కొడుకు ఆటోలో చాపమీద పడుకోబెట్టి తెచ్చాడు. కాలు చూడగానే తెలిసిపోయింది. పొట్టిగా అయింది, పాదం బయటికి తిరిగిపోయింది. తొడ ఎముక పైభాగంలో, తుంటి కీలుకు కొంచెం కింద విరిగింది. వయసెంత అని అడిగితే కొడుకు తల్లి వైపు చూశాడు, తల్లి కొడుకు వైపు చూసింది. అరవై దాటి ఉంటాయని రాసుకున్నాం.

ఇంట్లో వాళ్ల భాష వేరు, నాతో మాత్రం చక్కగా తెలుగులోనే మాట్లాడింది. నొప్పి గురించి ఒక్క మాట అడగలేదు.

"డాక్టరమ్మా, మళ్ల గొంతుకు కూసునొస్తదా?"

"ముందు నడవాలి కదా అవ్వా."

"నడుసుడు సరే. పూలు ఏరాలంటే కూసోవాలె. కూసోరాని కాలు ఉండి ఏం లాభం?"

ఆమెకు కావలసింది అదొక్కటే. నేలమీద గొంతుక్కూర్చోవాలి. పూలు ఏరడానికి, పొయ్యి ఊదడానికి, మనవరాలికి జడ వేయడానికి.

నాకు పని నేర్పిన పెద్దాయన ఖమ్మంలో ఉంటారు. ఎక్స్‌రే ఫోన్లో పంపించి సలహా అడిగాను. "ఎముక పిండిలా ఉంది, స్క్రూకు పట్టు దొరకదు. కీలే మార్చెయ్" అన్నారు. కీలు మారిస్తే గొంతుక్కూర్చోకూడదు, కూర్చుంటే కొత్త కీలు జారిపోవచ్చు. ఆ సంగతే అన్నాను. "ఈ వయసులో కుర్చీలో కూర్చుంటుంది, నష్టమేంటమ్మా" అన్నారు. ఆయన మాట తప్పని అనను. కానీ ఆ ఇంట్లో కుర్చీ లేదు, ఉన్నా ఇప్పచెట్టు కిందికి మోసుకుపోయేవాళ్లు లేరు. కీలు మార్చకుండా, విరిగిన ఎముకను నిలబెట్టి లోపల రాడ్డు వేస్తానని చెప్పాను. "సరే, అయితే స్క్రూ కచ్చితంగా నడిమధ్యన పడాలి, లేకపోతే నాకు ఫోన్ చెయ్యకు" అని నవ్వారు. నాకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది.

ఈ ఆపరేషన్‌లో సగం పని కత్తి పట్టకముందే అయిపోతుంది. మనిషిని ప్రత్యేకమైన బల్లమీద పడుకోబెట్టి, పాదాన్ని బూటులో బిగించి, మెల్లగా లాగాలి. మోకాలిచిప్ప పైకప్పు వైపు చూసేదాకా కాలును లోపలికి తిప్పాలి. విరిగిన ముక్కలు ఎదురుగా చూసినా పక్కనుంచి చూసినా కుదురుగా కలవాలి. అవి కలవకుండా లోపల ఎంత మంచి రాడ్డు వేసినా వంకర గోడకు సున్నం కొట్టినట్టే. ఆరోజు ఆ లాగుడు దగ్గరే మా టెక్నీషియన్ గొణుగుడు మొదలైంది.

తుంటి పక్కన చిన్న కోత పెట్టి, తొడ ఎముక కొసన చిల్లు చేసి, రాడ్డును లోపలి బోలులోకి దించాను. చేత్తోనే, అటూ ఇటూ తిప్పుకుంటూ. సుత్తి ముట్టుకోలేదు, పలచబడిన ఎముక దెబ్బకు చీలిపోతుంది. అసలు పరీక్ష ఆ తర్వాత. రాడ్డులోని రంధ్రంగుండా తీగను పైకి, ఎముక తలలోకి పంపాలి. ఆ తల చిన్న బంతిలా ఉంటుంది. తీగ దాని నడిమధ్యన, పైఅంచుకు గోరంత దూరందాకా పోయి ఆగాలి. తీగ పోయిన దారినే లావు స్క్రూ పోతుంది. అది కాస్త పైకి పడినా, పిండిలాంటి ఎముకలో మనిషి బరువుకు కోసుకుంటూ కీల్లోకి పొడుచుకొస్తుంది. అప్పుడు కూర్చోవడం కాదు, నడకే ఉండదు.

మొదటిసారి ఎదురుగా చూస్తే బాగుంది, పక్కనుంచి చూస్తే వెనక్కి పోయింది. లాగేశాను. "ఇంకోసారి." మళ్లీ పైకి పోయింది. "ఇంకోసారి." మత్తు నడుము కిందికే ఇచ్చాం కాబట్టి అవ్వ మెలకువగానే ఉంది, గుడ్డ తెరకు అవతల అన్నీ వింటోంది. చివరికి రెండు బొమ్మల్లోనూ తీగ నడుమ కూర్చుంది. ఎంత సంతోషమైందంటే, స్క్రూ బిగించి, రాడ్డు కదలకుండా కింది బోల్టు కూడా వేశాక ఆ బొమ్మను ఇంకోసారి తెరమీద పెట్టించుకుని చూశాను. టెక్నీషియన్ ఈసారి గొణగలేదు, ఆయనా చూశాడు.

మర్నాడు వార్డులోకి పోతే అవ్వ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"గదేంది డాక్టరమ్మా, నిన్న ఊకె ఇంకోసారి ఇంకోసారి అంటివి. నీకు పని రాదనుకున్న."

వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా. ఆరోజే వాకర్ పట్టించి నిలబెట్టాను. ఇంటికి పోయేనాటికి వాకర్‌తో వరండా చివరిదాకా నడిచింది. రోజూ నడిపించండి, కొద్దికొద్దిగా మోకాలు వంచనివ్వండి అని కొడుక్కు, కోడలికి చెప్పి పంపాను.

వానలు పడ్డాక మళ్లీ చూపించుకోవడానికి వచ్చారు. వచ్చారంటే, కొడుకు చేతులమీద ఎత్తుకొచ్చాడు. వాకర్ లేదు. ఎక్స్‌రే తీయిస్తే స్క్రూ నేను పెట్టినచోటే ఉంది, ఎముక అతుక్కుంటోంది. కానీ తొడ పుల్లలా అయిపోయింది, మోకాలు బిగుసుకుపోయింది. నాలుగు రోజులైనా నడిచిన కాలు కాదది. ఇంత చేసి, పక్కమీద పడేశారా అని నాకు కోపం నషాళానికెక్కింది. కోడలిమీద అరిచాను.

"నడిపించమని చెప్తే ఇంత నిర్లక్ష్యమా? వాకర్ ఏది?"

కొడుకు అందుకున్నాడు, తలవంచుకుని.

"వాకర్ బయట వాకిట్ల ఉంది మేడమ్. ఉరుములాయె కదా. ఇనుపది అని బయట పారేసినం."

ఆ వైపు ఊళ్లలో ఉరిమితే ఇంట్లోని కొడవలి, గొడ్డలి, గడ్డపార అన్నీ వాకిట్లోకి విసిరేస్తారు. ఇనుమున్న చోటికి పిడుగు వస్తుందని వాళ్ల నమ్మకం. మా అమ్మమ్మ కూడా వడగళ్లు పడితే కత్తిపీట బయట పెట్టించేది, కాబట్టి నవ్వే హక్కు నాకు లేదు. పైగా కిందటేడు వాళ్ల ఊళ్లో గడ్డపార భుజాన వేసుకుని చేలో నడుస్తున్న మనిషిమీద పిడుగు పడిందట.

"వాకర్ సరే. మనిషిని ఎందుకు పడుకోబెట్టారు?"

"కొడవలైతే బయట పారేస్తం. కాలు ఏడ పారేస్తం మేడమ్?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అప్పుడు కోడలు నోరు విప్పింది. అవ్వ ఇంట్లో పడుకోవడం లేదు. మొదటి ఉరుముకే తనను గొడ్లకొట్టంలోకి మార్చమని పట్టుబట్టింది. గొడ్లను ఇంకోచోట కట్టేయించి, అక్కడ మంచం వేయించుకుంది. కదిలితే ఎవరో ఒకరు పట్టుకోవడానికి దగ్గరికి రావాలి కాబట్టి కదలడం మానేసింది. తిండి గుమ్మం దగ్గర పెట్టి పొమ్మంటుంది. మనవరాలు ఏడ్చినా దగ్గరికి రానివ్వదు.

నేను అవ్వ వైపు తిరిగాను. ఆమె కిటికీలోంచి మబ్బు వైపు చూస్తోంది.

"నా కాల్ల పెట్టినవు గద డాక్టరమ్మా ఇనుము. పిడుగు నాకోసం వస్తే నామీదనే పడాలె. పిల్ల మీద పడొద్దు."

కోపమంతా ఎటుపోయిందో. ఆ రాడ్డు ఏ లోహమో, కరెంటు ఎలా పారుతుందో చెప్పబోయి ఆగాను. చెప్పినా ఆమె భయం ఆ లోహం గురించి కాదు.

చదువుకునే రోజుల్లో కుసుమంచి రోడ్డుమీద స్కూటర్ మీంచి పడి నా ముంజేతి ఎముక విరిగింది. అప్పుడు వేసిన ప్లేటు ఇప్పటికీ చేతిలోనే ఉంది, తీయించుకునే తీరిక దొరకలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, అవ్వ బొటనవేలు పట్టుకుని ఆ ఎముకమీద నొక్కించాను. చర్మం కింద ప్లేటు అంచు, స్క్రూల తలలు తెలుస్తాయి. ఆమె వేలు వాటిమీద మెల్లగా తిరిగింది.

"ఇనుమేనా?"

"ఇనుమే. చానా ఏండ్లాయె." ఆమెతో మాట్లాడితే నా మాట కూడా అటు జారిపోతుంది.

"వానల తిరుగుతవా?"

"తిరుగుత."

"పిల్లలున్నరా?"

"ఒక బిడ్డ ఉంది."

"ఒక్క ఇంట్లనే పంటరా?"

"ఒక్క మంచంలనే. నా చెయ్యే దానికి తలకింద మెత్త."

ఆమె నా చెయ్యి వదల్లేదు. అబద్ధం చెప్తున్నానేమోనని నా మొహం చూసింది. ఉరిమినప్పుడు చేలో, చెట్టు కింద ఎవరూ ఉండకూడదు, ఇనుమున్నా లేకపోయినా ఇంట్లోకి పోవాలి, అందరితోపాటు నువ్వూ ఇంట్లోనే ఉండాలి అని చెప్పాను. ఆమె నా చేతిమీద బరువు ఆనించి, "అయితే లేపు" అంది.

కొన్నాళ్లు వార్డులోనే ఉంచుకున్నాను. రోజూ పొద్దున మంచం అంచున కూర్చోబెట్టి మోకాలు వంచించేదాన్ని. నొప్పికి పళ్లు బిగబట్టి ఆపితే, "ఇంకోసారి" అనేదాన్ని. "నీ నోట్ల ఇంకో మాట లేదా" అనేది. టెక్నీషియన్ అటు పోతూ ఆ మాట విని, అవ్వకు పండు తెచ్చిపెట్టాడు. కోడలికి క్షమాపణ చెప్పాను. "పోనీ మేడమ్, మా అత్త కూడ గట్లనే అరుస్తది" అంది.

మళ్లీ ఇప్పపూల రోజులు వచ్చాయి. ఆ వైపు ఊళ్లో వైద్య శిబిరం పెట్టాం. అది ముగిశాక అవ్వ ఇల్లు దగ్గరే అంటే చూసొద్దామని నడిచాను. ఇంటి వెనక ఇప్పచెట్టు కింద ఉంది. గొంతుక్కూర్చుని, పూలు ఏరి బుట్టలో వేస్తోంది. రెండు మోకాళ్లూ సమానంగా వంగాయి. నేను పిలవకుండా కాసేపు చూస్తూ నిలబడ్డాను. కళ్లు తడిసిన మాట నిజం. ఆపరేషన్ రోజు తెరమీద చూసిన బొమ్మకన్నా ఇది బాగుంది.

అంతలో గాలి లేచి మబ్బు కమ్మింది. అవ్వ నేలకు చెయ్యి ఆనించి లేచి, బుట్ట చంకన పెట్టుకుని, "ఇంట్లకు రా జల్దీ" అంటూ నాకన్నా ముందు నడిచింది. మొదటి ఉరుముకే కోడలు కొడవలి, గడ్డపార తీసుకుని వాకిట్లోకి విసిరేసింది. ఆచారం ఆచారమే, నేనేమీ అనలేదు.

అవ్వ గొడ్లకొట్టం వైపు చూడనైనా లేదు. ఇంటి నడుమ చాప వేసి, దానిమీద కాళ్లు చాపుకుని కూర్చుంది, నన్ను పక్కన కూర్చోమంది. మనవరాలు వచ్చి ఆ రాడ్డున్న తొడమీద తల పెట్టుకుని పడుకుంది. అవ్వ దాని జుట్టు నిమురుతూ ఉంది.

పెంకులు అదిరేలా ఉరిమింది. పిల్ల కదల్లేదు, అవ్వ చెయ్యి ఆగలేదు. నేనే ఉలిక్కిపడి ఆమె భుజం పట్టుకున్నాను.

"నీ చేతిల ఉన్నది గింతంత ఇనుమే గద డాక్టరమ్మా" అంది అవ్వ. "దానికే గింత భయమా?"